సీఓపీడీ ఉన్నవారి తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవడం: పడుకోబెట్టడం నుంచి రిపోర్టు దాకా

సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ళలో చాలామంది "మెట్లెక్కుతుంటే ఆయాసం కంటే ముందు కాళ్ళే లాగేస్తున్నాయి" అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ జబ్బులో తొడ ముందు భాగంలోని కండరాలు సన్నబడతాయి, త్వరగా అలిసిపోతాయి. కండ కరిగి కొవ్వు అలాగే ఉంటే బరువులో పెద్దగా తేడా కనిపించదు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) కూడా మామూలుగానే వస్తుంది. అల్ట్రాసౌండ్ అయితే కండరాన్ని నేరుగా చూపిస్తుంది. మంచం దగ్గరే చేయొచ్చు, రేడియేషన్ లేదు.

దీన్ని సరిగ్గా ఎలా చేయాలని ఫిజియోథెరపిస్టులు, ఛాతీ వైద్యంలో శిక్షణ పొందుతున్న డాక్టర్లు పదేపదే అడుగుతున్నారు. తొడ మీద ప్రోబ్ (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) పెట్టి కండరాన్ని చూడటం ఒక్క పూటలో వచ్చేస్తుంది. రెండు నెలల తర్వాత అదే మనిషికి, అదే చోట, అదే భంగిమలో, అంతే తేలికగా మళ్ళీ ప్రోబ్ పెట్టగలగడమే కష్టం. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం తయారీ గురించే ఉంటుంది.

1. ఏం కొలవాలో ముందే తేల్చుకోండి

తొడ ముందు భాగంలో మోకాలిని చాచే కండరాలు నాలుగుంటాయి. వాటిలో రెక్టస్ ఫెమోరిస్ చర్మానికి దగ్గరగా ఉంటుంది, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. దాని కింద, తొడ ఎముకను ఆనుకుని వాస్టస్ ఇంటర్మీడియస్ ఉంటుంది. మనకు ముఖ్యంగా కావాల్సినవి ఈ రెండే.

కొలవదగినవి ఇవి:

- అడ్డుకోత వైశాల్యం: కండరాన్ని అడ్డంగా కోస్తే కనిపించే భాగం ఎన్ని చదరపు సెంటీమీటర్లు. రెక్టస్ ఫెమోరిస్‌కు ఇదే ప్రధాన కొలత.
- మందం: రెక్టస్, ఇంటర్మీడియస్ విడివిడిగా లేదా రెండూ కలిపి. త్వరగా అవుతుంది, కానీ చేతి ఒత్తిడికి తేలిగ్గా మారిపోతుంది.
- ఎకో తీవ్రత: కండరం స్క్రీన్ మీద ఎంత తెల్లగా కనిపిస్తోంది అన్నది. కండలో కొవ్వు, పీచు కణజాలం చేరితే తెల్లదనం పెరుగుతుంది.
- కండరపు పోగుల కోణం, పొడవు: దీనికి అనుభవం బాగా కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు వైశాల్యం, మందం తీసుకుంటే చాలు. మొదటి నెలలో ఎకో తీవ్రత జోలికి వెళ్ళకండి. పోగుల కోణం అయితే పరిశోధన చేసేవారికి వదిలేయొచ్చు.

2. ఎప్పుడు చేయాలి, ఎప్పుడు వాయిదా వేయాలి

ఖాళీ కడుపు అవసరం లేదు. సమయం మాత్రం చూసుకోవాలి. వ్యాయామం చేసిన వెంటనే కండరంలోకి రక్తం, నీరు ఎక్కువగా చేరి అది ఉబ్బుతుంది. రిహాబ్ (ఆయాసం ఉన్నవారికి చేయించే వ్యాయామ కార్యక్రమం) సెషన్ ముగిశాక "ఎలాగూ వచ్చారు కదా" అని కొలిస్తే లేని కండ కనిపిస్తుంది. కాబట్టి సెషన్‌కు ముందే కొలవండి. ముందు రోజు కాళ్ళకు గట్టి వ్యాయామం చేసి ఉంటే ఇంకో రోజు పెట్టుకోవడం మంచిది.

మొదలుపెట్టే ముందు అడిగి రాసుకోవాల్సినవి:

- ఈ మధ్య జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరారా? ఎన్ని రోజులున్నారు?
- స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా? ఎంతకాలంగా?
- కాళ్ళ వాపు ఉందా? నీరు తగ్గించే మందులు మొదలుపెట్టారా, డోసు మార్చారా?
- మోకాలికి, తుంటికి ఆపరేషన్ అయిందా? పక్షవాతం, నడుము నరాల సమస్య ఉందా?
- తొడ మీద పుండు, ఇన్ఫెక్షన్ ఉందా? ఉంటే అక్కడ ప్రోబ్ పెట్టకండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి ఉంటే కండరం కొలవడం పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చెప్పండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదం.

3. సామాన్లు, మెషీన్ సెట్టింగ్స్

- లీనియర్ ప్రోబ్ (చదునైన ముఖం ఉన్నది). 5 నుంచి 12 మెగాహెర్ట్జ్ పరిధిలో పనిచేసేదైతే చాలామందికి సరిపోతుంది.
- జెల్ పుష్కలంగా, తుడవడానికి టిష్యూలు, ప్రోబ్ శుభ్రం చేసే ద్రావణం.
- సాగని కొలటేపు, చర్మం మీద రాసే పెన్ను.
- రెండు తువ్వాళ్ళు: ఒకటి మోకాలి కిందికి, ఒకటి పాదం పక్కకి.
- పల్స్ ఆక్సీమీటర్.

సెట్టింగ్స్‌లో ఒకటే సూత్రం: ఒకసారి కుదిరినవి మళ్ళీ ముట్టుకోకూడదు. డెప్త్‌ను (ఎంత లోతు వరకు చూపించాలన్నది) తొడ ఎముక స్క్రీన్ అడుగున కనిపించేలా పెట్టండి. ఫోకస్‌ను కండరం మధ్యకు తెచ్చుకోండి. గెయిన్ (బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్), స్క్రీన్ పక్కనుండే స్లైడర్లు, బొమ్మను మెషీన్ తనంతట తాను మెరుగుపరిచే ఆప్షన్లు, వీటన్నిటినీ ఒక ప్రీసెట్‌గా సేవ్ చేసి పేరు పెట్టండి. వేరే పరీక్షకు మెషీన్ వాడినవాళ్ళు గెయిన్ మార్చేసి ఉంటారు. అందుకే ప్రతిసారీ ప్రీసెట్ మళ్ళీ తెరవాలి.

తొడ బాగా లావుగా ఉండి ఎముక కనిపించకపోతే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కర్విలీనియర్ ప్రోబ్ (వంపు ముఖం ఉన్నది) వాడొచ్చు. ఆ వ్యక్తికి తర్వాతి కొలతలన్నీ ఆ ప్రోబ్‌తోనే తీయాలి.

4. పడుకోబెట్టడం: ఆయాసం ఉన్నవారికి ఇదే సగం పని

పుస్తకాల్లో "వెల్లకిలా పడుకోబెట్టండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సీఓపీడీ ముదిరినవారిలో చాలామంది చదునుగా పడుకోలేరు. పడుకోబెడితే ఆయాసం, దాంతో టెన్షన్, ఆ టెన్షన్‌కి తొడ కండరం బిగుసుకుంటుంది. అప్పుడు తీసిన కొలత దేనికీ పనికిరాదు.

తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి. ఆ కోణాన్ని రాసి పెట్టుకోండి. రెక్టస్ ఫెమోరిస్ తుంటి కీలును, మోకాలి కీలును రెండింటినీ దాటి వెళ్ళే కండరం. నడుము దగ్గర వంపు మారితే దాని పొడవు మారుతుంది, ఆకారం కూడా మారుతుంది. మొదటిసారి 45 డిగ్రీల్లో, రెండోసారి "ఈరోజు బాగానే ఉన్నాను" అన్నారని చదునుగా పడుకోబెట్టి కొలిస్తే రెండు అంకెలనీ పోల్చలేం. ఈసారి హాయిగా పడుకోగలిగినా సరే, పాత కోణమే పెట్టండి.

వరుస ఇది:

1. రిలీవర్ ఇన్‌హేలర్ వాడుతుంటే ముందే వాడమనండి. ఆక్సిజన్ మీద ఉన్నవారికి అలాగే కొనసాగించండి. శాచురేషన్ (ఆక్సీమీటర్ చూపించే రక్తంలోని ఆక్సిజన్ శాతం) చూసి రాసుకోండి.
2. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి, లేదా అసలు పెట్టకండి. ఏదైనా సరే, ప్రతిసారీ ఒకేలా ఉండాలి.
3. కాలు బయటికి ఒరిగిపోతుంది. పాదం పక్కన రెండో తువ్వాలు పెట్టి మోకాలి చిప్ప నేరుగా పైకప్పు వైపు చూసేలా సర్దండి.
4. కనీసం పది నిమిషాలు కదలకుండా ఉండనివ్వండి. నిలబడి నడిచి వచ్చినప్పుడు కాళ్ళలో చేరిన ద్రవం సర్దుకోవడానికి సమయం కావాలి. ఆ లోపు పైన చెప్పిన ప్రశ్నలు అడిగేయొచ్చు.
5. "కాలి బరువంతా మంచం మీదే వదిలేయండి" అని చెప్పి, తొడను అరచేత్తో మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. మెత్తగా ఊగితే కండరం వదులుగా ఉన్నట్టు.

మధ్యలో దగ్గు వస్తే ఆగండి. ఆయాసం పెరిగితే లేపి కూర్చోబెట్టండి.

5. చోటు గుర్తు పెట్టడం

తుంటి ముందు భాగంలో, బెల్టు పెట్టుకునే చోటికి కాస్త కింద, వేళ్ళకు గట్టిగా తగిలే ఎముక మొన ఒకటుంటుంది. అది మొదటి గుర్తు. మోకాలి చిప్ప పై అంచు రెండో గుర్తు. ఈ రెంటి మధ్య దూరాన్ని టేపుతో తిన్నగా కొలవండి.

పై గుర్తు నుంచి ఆ దూరంలో ఐదింట మూడు వంతుల దగ్గర గీత పెట్టండి. మొత్తం 45 సెంటీమీటర్లు ఉంటే 27 దగ్గర. వైశాల్యానికి ఈ చోటు బాగా పనిచేస్తుంది. ఎందుకంటే తొడ మధ్యలో రెక్టస్ ఫెమోరిస్ వెడల్పుగా ఉండి లీనియర్ ప్రోబ్ బొమ్మలో పట్టకపోవచ్చు. కాస్త కిందికి వస్తే మొత్తం ఒకే ఫ్రేములో ఇమిడిపోతుంది. మరీ కిందికి వెళ్తే కండరం సన్నబడి స్నాయువుగా మారిపోతుంది.

మందం మాత్రమే కొలిచేవారు సగం దూరం దగ్గర కొలవడం కూడా మామూలే. ఏ చోటైనా ఎంచుకోండి, మధ్యలో మార్చకండి.

పెన్ను గీత రెండు స్నానాలకు పోతుంది. అందుకని మొత్తం దూరం, గీత పెట్టిన దూరం, రెండూ సెంటీమీటర్లలో ఫైల్లో రాయండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును తొడ మీద పరిచి, గీతతో పాటు చుట్టుపక్కల ఉన్న పుట్టుమచ్చలు, పాత గాయం మచ్చలు దాని మీద దిద్దుకుంటాను. రెండు నెలల తర్వాత ఆ మచ్చలను కలిపి చూస్తే ప్రోబ్ ఎక్కడ పెట్టానో సరిగ్గా దొరుకుతుంది.

ఏ కాలు? ఒకటి ఎంచుకుని అదే కొనసాగించండి. ఒక మోకాలికి సమస్య ఉన్నా, రెండు తొడల చుట్టుకొలతలో తేడా కనిపించినా రెండూ కొలవండి.

6. జెల్, ప్రోబ్, చేతి బరువు

ఇక్కడ జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు.

జెల్ ధారాళంగా వేయండి. ప్రోబ్ చర్మం మీద ఆనకూడదు, జెల్ మీద తేలాలి. స్క్రీన్ పైభాగంలో, ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య సన్నని నల్లటి పట్టీ కనిపిస్తే ఒత్తిడి లేనట్టే. ఆ పట్టీ కనిపించకపోతే మీరు నొక్కుతున్నారు.

ఒత్తిడి ఏం చేస్తుందో ఒకసారి మీ తొడ మీదే చూసుకోండి. తేలికగా పట్టుకున్నప్పుడు రెక్టస్ గుండ్రని పైకప్పుతో దీర్ఘవృత్తంలా ఉంటుంది. చేయి కాస్త బరువెక్కగానే పైకప్పు చదునవుతుంది, ఇంకాస్త నొక్కితే మొత్తం పలకలా పరుచుకుంటుంది. స్క్రీన్ మీద మందం మీ కళ్ళముందే తగ్గిపోతుంది. కండ కరిగిన మనిషిలో కణజాలం మెత్తగా ఉంటుంది కాబట్టి ఈ తేడా ఇంకా ఎక్కువ.

నిలకడ కోసం చిటికెన వేలు, అరచేతి అంచు తొడ మీద ఆనించండి. ప్రోబ్ బరువు మీ చేయి మోయాలి, తొడ మోయకూడదు.

ప్రోబ్‌ను గీత మీద తొడ పొడవుకు అడ్డంగా, చర్మానికి నిటారుగా పెట్టండి. కొద్దిగా ముందుకూ వెనక్కూ వంచి చూడండి. తొడ ఎముక గీత ఎక్కడ అన్నిటికంటే తెల్లగా, పదునుగా కనిపిస్తే అక్కడ ఆగండి. అదే సరైన కోణం. ప్రోబ్ వాలితే వైశాల్యం ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది, కండరం ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది.

7. స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది

పైనుంచి కిందికి చదువుకుంటూ రండి. ముందు తెల్లటి సన్నని చర్మం. దాని కింద ముదురు రంగులో కొవ్వు పొర, అందులో అక్కడక్కడా తెల్లటి గీతలు. ఆ తర్వాత తళుక్కుమనే తెల్లటి పొర, అదే కండరాన్ని చుట్టి ఉన్న కవరు. దాని లోపల బూడిద రంగులో రెక్టస్ ఫెమోరిస్. కింద ఇంకో తెల్లటి గీత, దాని కింద వాస్టస్ ఇంటర్మీడియస్. అన్నిటికంటే అడుగున విల్లులా వంగిన తొడ ఎముక, దాని వెనక పూర్తిగా నల్లటి నీడ.

రెక్టస్ పక్క అంచులు తెలియకపోతే "మోకాలిని మంచానికి మెల్లగా నొక్కండి" అనండి. కండరం బిగుసుకోగానే రెక్టస్ పక్క కండరాల నుంచి విడిగా కదులుతుంది, అంచు తెలిసిపోతుంది. తర్వాత పూర్తిగా వదిలేయమని చెప్పి, కొన్ని సెకన్లు ఆగాకే ఫ్రీజ్ చేయండి.

8. కొలవడం

1. బొమ్మ ఫ్రీజ్ చేయండి.
2. తెల్లటి కవరుకు లోపలి అంచు వెంట గీత గీయండి. కవరును లోపల కలుపుకోకూడదు. కండరం చిన్నదైన కొద్దీ ఈ పొరపాటు వాటా పెద్దదవుతుంది.
3. మందానికి కండరం మధ్యలో, పై పొర లోపలి అంచు నుంచి కింది పొర లోపలి అంచు వరకు నిలువు గీత.
4. ప్రోబ్ పూర్తిగా తీసేసి మళ్ళీ పెట్టి ఇంకో బొమ్మ. ఇలా మొత్తం మూడు.
5. మూడు కొలతల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే సగటు రాయండి. మించితే ఇంకో బొమ్మ తీయండి.

ఒకే బొమ్మను మూడుసార్లు కొలిచి సగటు తీసేవాళ్ళున్నారు. దానివల్ల గీత గీయడంలో వచ్చే తేడా మాత్రమే తెలుస్తుంది, ప్రోబ్ పెట్టడంలో వచ్చేది తెలియదు. ఇంకో సంగతి, పాత రిపోర్టులోని అంకెను చూడకుండా కొలవండి. చూస్తే చేయి తెలియకుండానే అటు మొగ్గుతుంది.

గీతలు లేని బొమ్మను కూడా, వీలైతే డైకామ్ (వైద్య బొమ్మలకు వాడే ఫైల్ రకం) రూపంలో, సేవ్ చేయండి.

9. ఎకో తీవ్రత కావాలంటే

గీతలు లేని బొమ్మను ఇమేజ్‌జె వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కవరు తగలకుండా కండరం లోపల వీలైనంత పెద్ద భాగాన్ని ఎంచుకోండి. హిస్టోగ్రామ్ (ఆ భాగంలోని చుక్కల వెలుగు లెక్క) 0 నుంచి 255 మధ్య సగటు చూపిస్తుంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు.

గెయిన్ మారినా, డెప్త్ మారినా, మెషీన్ మారినా ఈ అంకెలను పోల్చకూడదు. పైన కొవ్వు పొర మందంగా ఉంటే శబ్దం అందులోనే కొంత నీరసించి కండరం ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. కాబట్టి కొవ్వు మందాన్ని కూడా పక్కనే రాయండి.

10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, దిద్దుబాట్లు

- మూడు కొలతలూ మూడు రకాలుగా వస్తున్నాయి: ముందు ఒత్తిడి చూడండి, తర్వాత కాలు ఒరిగిందేమో చూడండి. ఎక్కువసార్లు ఈ రెండే కారణం.
- కండరం ఫ్రేములో పట్టడం లేదు: మెషీన్‌లో పనోరమిక్ ఆప్షన్ (ప్రోబ్‌ను జరుపుతూ వెడల్పాటి బొమ్మ కూర్చేది) ఉంటే వాడండి. లేకపోతే ఆ వ్యక్తికి మందం మాత్రమే తీసుకోండి. కనిపించని అంచును ఊహించి గీయకండి.
- ఎముక కనిపించడం లేదు: డెప్త్ పెంచండి, కుదరకపోతే ప్రోబ్ మార్చండి. నొక్కి చూపించాలని ప్రయత్నించకండి.
- కాళ్ళలో నీరు ఉంది: మోకాలి కింద, పిక్కకు ముందువైపుండే ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడుతుందేమో చూడండి. ఊపిరితిత్తుల జబ్బు వల్ల గుండె కుడివైపు భారం పెరిగినవారిలో ఇది సాధారణం. నీరు కండరాన్ని లావుగా, తెల్లగా చూపిస్తుంది. వాపు తగ్గాక "కండ తగ్గింది" అని రాస్తే తప్పు. రిపోర్టులో వాపు ఉన్న సంగతి తప్పక రాయండి.

11. మీ చేతి తేడా ఎంతో కొలుచుకోండి

దీన్ని దాటేసి నేరుగా రోగుల దగ్గరికి వెళ్ళేవారే ఎక్కువ. దయచేసి అలా చేయకండి.

పది మందిని, వీలైతే సీఓపీడీ ఉన్నవారినే, రెండు వేర్వేరు రోజుల్లో కొలవండి. రెండోసారి గీత కూడా కొత్తగా పెట్టాలి. ఒక్కొక్కరి రెండు కొలతల మధ్య తేడాలు రాసి, ఆ తేడాల ప్రామాణిక విచలనం లెక్కగట్టండి. దాన్ని 1.96తో గుణించండి. ఉదాహరణకు విచలనం 0.3 చదరపు సెంటీమీటర్లు వస్తే ఫలితం దాదాపు 0.6. అంటే ఒక వ్యక్తిలో 0.6 కంటే తక్కువ మార్పు వస్తే అది కండరంలో వచ్చిందో మీ చేతిలో వచ్చిందో చెప్పలేరు.

అంకె పెద్దగా వస్తే నిరాశ పడకండి. ఎక్కువగా ఒత్తిడి దగ్గరో, చోటు గుర్తు దగ్గరో లోపం ఉంటుంది. దిద్దుకుని మళ్ళీ చేస్తే తగ్గుతుంది. మీ టీంలో ఇద్దరు కొలుస్తుంటే ఇద్దరి మధ్య తేడా కూడా ఇలాగే చూడాలి. అంతవరకు ఒక రోగిని ఒకరే కొలవడం మేలు.

12. అంకెను ఎలా అర్థం చేసుకోవాలి

అన్ని వయసులకూ, మగవారికీ ఆడవారికీ, అన్ని మెషీన్లకూ సరిపోయే ఒకే కటాఫ్ లేదు. అందువల్ల ఆ మనిషి పాత కొలతతో పోల్చడమే నమ్మదగిన దారి.

అల్ట్రాసౌండ్ కండ ఎంతుందో చెబుతుంది, బలం ఎంతుందో చెప్పదు. అందుకే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చునే పరీక్ష, చేత్తో పట్టుకుని బలం కొలిచే డైనమోమీటర్‌తో తొడ బలం, ఆరు నిమిషాల నడక పక్కన పెట్టుకుని చదవండి.

- సైజు తగ్గింది, బలమూ తగ్గింది: పోషణ, కదలిక, స్టెరాయిడ్ వాడకం, ఈ మధ్య ఆసుపత్రిలో గడిపిన రోజులు, ఇవన్నీ చూడాలి.
- సైజు అలాగే ఉంది, బలం తగ్గింది, తెల్లదనం పెరిగింది: కండరం నాణ్యత దెబ్బతిని ఉండొచ్చు. ముందు వాపు లేదని ఖాయం చేసుకోండి.
- సైజు మారలేదు, బలం పెరిగింది: రిహాబ్ మొదటి వారాల్లో ఇది మామూలే. నరాలు కండరాన్ని మెరుగ్గా వాడుకోవడం ముందు వస్తుంది, సైజు ఆ తర్వాత. "వ్యాయామం పనిచేయలేదు" అని అప్పుడే రాసేయకండి.
- ఒక్క కాలే సన్నబడింది: దాన్ని ఊపిరితిత్తుల ఖాతాలో వేయకండి. మోకాలు, నడుము నరాలు చూపించాలి.

13. రిపోర్టులో ఉండాల్సినవి

- తేదీ, సమయం, కొలిచినవారి పేరు
- ఏ కాలు, మొత్తం దూరం, గీత పెట్టిన దూరం
- మంచం కోణం, మోకాలి కింద తువ్వాలు ఉందా లేదా
- మెషీన్, ప్రోబ్, ప్రీసెట్ పేరు, డెప్త్
- మూడు కొలతలు, సగటు, కొవ్వు పొర మందం
- వాపు, స్టెరాయిడ్లు, చివరి వ్యాయామం ఎప్పుడు
- ఆక్సిజన్ ఉంటే ఎంత, శాచురేషన్ ఎంత
- మీరు లెక్కగట్టుకున్న కనీస మార్పు (11వ భాగంలో వచ్చిన అంకె)

మొదటి కొలత రిహాబ్ మొదలుకాకముందు, రెండోది కార్యక్రమం పూర్తయ్యాక తీస్తే సరిపోతుంది. స్థిరంగా ఉన్నవారిని వారం వారం కొలిస్తే చేతి తేడా తప్ప ఇంకేం కనిపించదు. ఆసుపత్రిలో మంచం పట్టినవారిలో మాత్రం కొద్ది రోజుల్లోనే కండ తగ్గొచ్చు, వాళ్ళకు ముందే ఇంకోసారి చూడటం సమంజసం.

పని అయ్యాక జెల్ తుడిచి, వెంటనే లేవమనకండి. తలవైపు ఇంకాస్త ఎత్తి, ఊపిరి కుదుటపడనిచ్చి, శాచురేషన్ మరోసారి చూసి, ఆ తర్వాతే కాళ్ళు కిందికి దించమనండి. స్క్రీన్ మీది బొమ్మ చూపించి, "ఇదిగో, మీరు లాగేస్తోందన్న కండరం ఇదే" అని చెప్పండి. బాగుందో లేదో అని అడిగితే ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి. కుర్చీ పరీక్ష కూడా అయ్యాక రెండూ కలిపి వివరిస్తామని చెప్పి, ఆ పరీక్షకు సమయం అప్పుడే ఖాయం చేసి పంపండి.